తమ్మిలేరు వెంట, చిన్న చక్రాల మీద

చింతలపూడి మెట్టకూ డెల్టాకూ నడిమి ఊరు. ఉత్తరంగా సత్తుపల్లి దారి పట్టితే కొద్దిసేపటికే తెలంగాణ వస్తుంది. దక్షిణంగా యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఏలూరు, అక్కడినుండి ఇంకొంచెం దిగితే కొల్లేరు. పెద్ద ఆసుపత్రి కావాలన్నా, జిల్లా కచేరీ పని పడినా, రైలెక్కాలన్నా మాకు ఏలూరే గతి. అందుచేత ఈ ప్రాంతంలో ద్విచక్ర వాహనం విలాస వస్తువు కాదు. ఇంట్లో మంచం ఎటువంటిదో బండీ అటువంటిదే. అయితే ఆ బండి ఇంట్లో ఎవరి సొత్తు అన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్ళలో ఎవరూ అడగరు. మగవాడు ఎక్కుతాడు, తక్కినవారు అతని వెనుక కూర్చుంటారు, అంతే.

మేము మోటారు సైకిలు నడపడం మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్ళు. మొదట యమహా ఆర్‌ఎక్స్ 100, ఆ తరువాత హీరో హోండా స్ప్లెండర్, పదకొండేళ్ళుగా బుల్లెట్ 350. ఏజెన్సీ కొండదారులు, శీతాకాలపు మంచు, గోదావరి గట్లు అన్నీ వాటి మీదనే చూశాము. కాబట్టి గత సంవత్సరం చివర మేము 110 సీసీ ఇంజను గల చిన్న స్కూటరు కొని తెచ్చినప్పుడు మిత్రులు నవ్వారు. ఏనుగు దిగి మేకనెక్కారా అని ఒకాయన మసీదు మెట్ల మీదనే అడిగారు.

మా ఇంటి అవసరం వేరే దారిన వచ్చింది. మా అమ్మీకి డెబ్బై రెండేళ్ళు. చక్కెర వ్యాధి, దానికి తోడు మోకాళ్ళ అరుగుదల. బుల్లెట్టు వెనుక సీటు ఎక్కించాలంటే బండిని అరుగు పక్కకు తేవాలి, ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు ఆమెను ఎత్తి కూర్చోబెట్టాలి. మా ఉద్యోగం జంగారెడ్డిగూడెంలో. పొద్దున్న పోతే మగ్రిబ్ వేళకు గాని ఇల్లు చేరము. నిరుడు వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం అమ్మీకి చక్కెర బాగా పడిపోయి కళ్ళు తిరిగాయి. మా శ్రీమతి ఆ వానలో వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడినుండి బస్టాండు దాకా నడిచి, ఆటో పిలుచుకొని వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అల్లాహ్ దయ వల్ల గండం గడిచింది. ఆ రాత్రి ఇంట్లో బండి మాట వచ్చింది.

మా చచ్చాకు ఈ ఆలోచన రుచించలేదు. ఆడవాళ్ళ చేతికి బండి ఇవ్వడమేమిటి, బజారులో నలుగురు ఏమనుకుంటారు అన్నారు. మేము జవాబు వెతుక్కుంటూ ఉండగా అమ్మీయే మంచం మీదనుండి, “ఆ రోజు మోసుకుపోవడానికి నువ్వు వచ్చావా, బాబూ?” అన్నది. ఆయన ఆ తరువాత ఆ రాత్రి మాట్లాడలేదు. ఒంటెల మీద ప్రయాణించిన స్త్రీలలో ఖురైష్ స్త్రీలను దైవప్రవక్త (సఅసం) ఉత్తములుగా ప్రశంసించిన హదీసు బుఖారీలో ఉన్నది. బిడ్డల పట్ల వారి దయనూ, భర్త సొమ్ము పట్ల వారి జాగ్రత్తనూ ఆ ప్రశంసలోనే చెప్పడం గమనించదగినది. వాహనమెక్కడం ఆనాటి ఇంటి పనులలో ఒకటి. ఒంటె పోయి స్కూటరు వచ్చినంత మాత్రాన ఆ పని పరాయిదెందుకు కావాలో మాకు బోధపడలేదు.

మా ఊళ్ళో గేర్లు లేని బండి ఏ కంపెనీదైనా పేరు ‘స్కూటీ’యే. ఆ పేరు నిజానికి టీవీఎస్ వారి ఒక బండిది. అసలు వెస్పా స్కూటరే మోటారు సైకిలు నచ్చనివాడు కల్పించినది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో ఇటలీలో వచ్చిన వెస్పా రూపశిల్పి కొరాడినో దస్కానియో విమానాల ఇంజనీరు. మోటారు సైకిలు మురికి బండి అని, దాన్ని కాలెత్తి ఎక్కవలసి రావడం బాధ అని ఆయన అభిప్రాయం. అందుకే ఇంజనును కప్పి, వెనుక చక్రం దగ్గరకు తోసి, కాళ్ళ ముందు నడిచి ఎక్కగల ఖాళీ జాగా వదిలాడు. మన దేశంలో 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం జనం ఏళ్ళ తరబడి వరుసలో కనిపెట్టుకొని ఉన్న రోజులు పెద్దలకు జ్ఞాపకమే. మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ కూడా ‘పుష్పక్’ పేరిట స్కూటరు చేసింది. కాని అవన్నీ చేతితో గేరు తిప్పవలసినవి, కాలితో తన్ని లేపవలసినవి. 1984లో వచ్చిన కైనెటిక్ హోండాతో ఆ రెండు కష్టాలూ పోయాయి. గేరు లేదు, మీట నొక్కితే ఇంజను లేస్తుంది. ఆడవారికి బండి అందుబాటులోకి వచ్చింది నిజంగా ఆనాడే.

మా స్కూటరు బరువు నూట ఆరు కిలోలు. బుల్లెట్టు నూట ఎనభైకి పైమాట. దాని శక్తి ఇరవై అశ్వశక్తికి దగ్గరగా ఉంటే దీనిది ఎనిమిదికి లోపు. లెక్కలలో ఇంత తేడా ఉన్నా ఊరి వీధిలో బయలుదేరేటప్పుడు చిన్నదే ముందుంటుంది. కారణం దాని కడుపులోని రబ్బరు బెల్టు. రెండు కప్పీల నడుమ ఆ బెల్టు తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ముందు కప్పీలోని చిన్న గుండ్లు బయటికి జరిగి బెల్టును పైకి నెడతాయి, వెనుక కప్పీలో బెల్టు లోపలికి దిగుతుంది. గేర్లన్నీ మెట్లు లేని వాలుబల్లలాగా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయన్న మాట. దీని వెల కూడా ఉన్నది. బుల్లెట్టులో గేరు తగ్గించి, ఇంజను పట్టుతోనే దిగుడు దారిలో బండిని అదుపు చేయవచ్చు. స్కూటరులో ఆ పట్టు బహు స్వల్పం, నెమ్మదిస్తే అదీ వదిలిపోతుంది. బ్రేకులే దిక్కు. పైగా మోటారు సైకిలు అలవాటు పడిన ఎడమ చేయి క్లచ్ అనుకొని పట్టేది ఇక్కడ వెనుక బ్రేకు. ఎన్ని వేల కిలోమీటర్లు నడిపినవారైనా ఈ బండి మీద మొదటి వారం ఖాళీ మైదానంలో గడపడం మేలు. 125 సీసీకి మించని బండ్లకు 2019 నుండి జోడు బ్రేకు తప్పనిసరి చేశారు. ఎడమ మీట నొక్కితే ముందు చక్రమూ కొంత పట్టుబడుతుంది. కొత్తగా నేర్చినవారిని ఇది కాపాడుతుందని చూశాము.

మా శ్రీమతి మండల పాఠశాల మైదానంలో నేర్చుకున్నది. సైకిలు తొక్కడం చిన్ననాడే వచ్చు కాబట్టి నాలుగు రోజులు చాలాయి. అభ్యాసకుల లైసెన్సు, ఆ తరువాత పక్కా లైసెన్సు రెండూ ఆమె తానే పోయి తెచ్చుకున్నది.

కొత్త ఇంజనును మొదటి ఐదు వందల కిలోమీటర్లు బలవంతపెట్టరాదు, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పరాదు అని పుస్తకంలో వ్రాసి ఉన్నది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏలూరు దారిలో మేము చూసినదల్లా ముందు లారీ వెనుక భాగమే. నెమ్మదిగా పోక తప్పని ఈ రోజులను వృథా చేయక, జనవరిలో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు కాగానే మేమిద్దరం బయలుదేరాము. అమ్మీకి తోడుగా చచ్చా ఇంటివారు వచ్చారు. తమ్మిలేరు పుట్టి పెరిగిన దారి వెంబడి కొల్లేటి దాకా పోవాలని సంకల్పం.

తమ్మిలేరు ఖమ్మం జిల్లా వైపునుండి వచ్చే వాగు. మా మండలంలోని నాగిరెడ్డిగూడెం దగ్గర దానికి జలాశయం కట్టారు. చలికాలపు ఉదయం ఆ గట్టు మీద మంచు ఒక బారెడు ఎత్తున నిలిచి ఉంటుంది. బుల్లెట్టు మీద వచ్చినప్పుడు దాని చప్పుడుకు కొంగలు ముందే లేచిపోయేవి. ఈసారి స్కూటరు ఆపేదాకా అవి కదలలేదు. మెట్ట రైతుకు ఈ నీరు ఎంతటిదో చెప్పనక్కరలేదు. గోదావరి నీటిని ఇటు ఎత్తిపోయవలసిన చింతలపూడి పథకం ఏళ్ళ తరబడి నిర్మాణంలోనే ఉన్నది. అది వచ్చేదాకా బోరుబావి, ఈ వాగు, ఆకాశం మాత్రమే ఆధారం.

అక్కడినుండి తిరిగి ఏలూరు రోడ్డెక్కి ధర్మాజీగూడెం మీదుగా దిగాము. గంటకు నలభై ఐదు కిలోమీటర్ల వేగంలో దారి మాట్లాడుతుంది. ఆయిల్ పామ్ తోటలు ఒక దశలో రెండు వైపులా గోడల్లా నిలిచి ఎండను రానివ్వవు. తోటల నీడలో కోకో చెట్లు, వాటి మొద్దులకే అతుక్కున్నట్టు పసుపు కాయలు. పొగాకు బ్యారన్లు అక్కడక్కడ ఎత్తుగా కనబడతాయి. గెలలు నింపిన ట్రాక్టర్లు వరుసగా పోతూ ఉంటాయి. ఈ పంటకు మన దేశంలో ఉన్న కేంద్ర పరిశోధన సంస్థ కూడా ఈ దారికి కొద్ది దూరంలోనే, పెదవేగిలో, 1995 నుండి ఉన్నది. పెదవేగి అంటే శాలంకాయనులూ, ఆ తరువాత తూర్పు చాళుక్యులూ ఏలిన వేంగి. ఒక రాజ్యానికి తల అయిన చోట ఇప్పుడు నూనె గెలలు పండుతున్నాయి. ఇందులో విచారించవలసిందేమీ లేదు, రైతు బ్రతకాలి.

రోడ్డు సంగతి దాచనక్కరలేదు. బుల్లెట్టు పందొమ్మిది అంగుళాల ముందు చక్రం గోతిని దాటిపోతుంది. పన్నెండు అంగుళాల చిన్న చక్రం గోతిలోకి దిగుతుంది, వెనుకనున్న పది అంగుళాలది ఇంకా లోతుగా దిగుతుంది. ట్రాక్టరు నుండి జారిపడిన గెల ముక్క, గులకరాయి, తారు లేచిపోయిన అంచు, ప్రతి ఒక్కటీ వెన్నుకు తెలుస్తుంది. ధర్మాజీగూడెం దాటాక ఒకచోట కాలినడకన పోయే ముసలాయన మమ్మల్ని చూసి “నెమ్మదిగా, బాబూ, ముందు గుంట ఉంది” అని హెచ్చరించాడు. బుల్లెట్టు మీద పోతుండగా ఎవరూ మాతో మాట్లాడి ఎరుగరు, మాట్లాడినా వినబడేది కాదు.

విజయరాయి గడిచి, జాతీయ రహదారి దాటి ఏలూరు చేరేసరికి ఎండ ఎక్కింది. తమ్మిలేరు ఇక్కడ రెండు పాయలై ఊరిని కౌగిలించుకొని పోతుంది. వరద వస్తే ఆ కౌగిలి బిగుసుకుంటుంది. కృష్ణ నీరు తెచ్చే కాలువ, గోదావరి నీరు తెచ్చే కాలువ కలిసేదీ ఈ ఊళ్ళోనే. ఏలూరు అనగానే మన పాఠకులలో కొందరికైనా తివాచీలు గుర్తుకు రావాలి. పర్షియా నుండి వచ్చి స్థిరపడిన ముస్లిం నేతపనివారు ఈ విద్యను తెచ్చారని చెబుతారు. ఉన్ని తివాచీ నేత తరతరాలుగా ఇక్కడి మన కుటుంబాలకు అన్నం పెట్టింది. మగ్గం ముందు ఒకే బల్ల మీద కూర్చొని ముడులు వేసే చేతులలో ఆడవారివీ ఉన్నాయి. ఇంటి నాలుగు గోడల నడుమ పని చేసి సంసారం నడిపినవారు వారు. మగ్గాలు తగ్గాయి. ఆ ఇళ్ళలోని ఆడపిల్లలు నేడు పని కోసం, చదువు కోసం ఊరు దాటాలి. బస్సు దొరకని చోటికి ఎట్లా దాటుతారన్నది ఉబుసుపోక వేసే ప్రశ్న కాదు.

ఏలూరులో టీ తాగి లేవగానే మా శ్రీమతి తాళం చెవి అడిగింది. కైకలూరు రోడ్డు తానే నడుపుతానన్నది. మేము వెనుక కూర్చున్నాము. ఇరవై ఎనిమిదేళ్ళలో వెనుక సీటు మీద ఇంత దూరం పోవడం ఇదే ప్రథమం. వెనుక కూర్చున్నవారికి ముందు గుంట కనబడదు, హఠాత్తుగా అడుగునుండి తగులుతుంది. బ్రేకు ఎప్పుడు పడుతుందో తెలియదు. రెండు చేతులనూ ఏమి చేయాలో తోచదు. అమ్మీ ఇన్నేళ్ళూ ఒకవైపుగా కూర్చొని, మోకాళ్ళు బిగబట్టి, నోరు మెదపక ఎట్లా ప్రయాణించిందో అప్పుడు మాకు కొంత తెలిసింది. కాని వెనుక కూర్చున్నవారికి ఒక భాగ్యం ఉన్నది. రోడ్డు వారి బాధ్యత కాదు కనుక పక్కకు చూడవచ్చు.

పక్కన కొల్లేరు ఉన్నది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెం వంటి పల్లం. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు అన్నీ వచ్చి ఇందులో పడతాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో ప్రభుత్వం ఐదు అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అప్పటికే సరస్సు నిండా చేపల చెరువులు. 2006లో వాటి గట్లను బద్దలు కొట్టారు. ఆ తరువాత మళ్ళీ కొన్ని లేచాయి. పక్షి పక్షం పట్టినవారికీ చేప పక్షం పట్టినవారికీ ఈ వివాదం తెగలేదు. లంక గ్రామాల కూలివాని పక్షం పట్టినవారు తక్కువని మా అభిప్రాయం. గట్టు కట్టినప్పుడూ కొట్టినప్పుడూ మట్టి మోసింది అతడే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు కూడా చివరకు ఇటే దిగింది. అటువంటి రోజుల్లో ఈ దారుల మీదికి నీరెక్కి, లంకవాసులకు పడవే బండి అవుతుంది.

కొల్లేటి గాలి చిన్న బండికి పరీక్ష. అడ్డుగాలికి, ఎదురు లారీ విసురుకు స్కూటరు ఒక జానెడు పక్కకు జరుగుతుంది. చేపల లారీల నుండి ఐసు నీరు కారి రోడ్డు నున్నగా తడిసి ఉంటుంది. మా శ్రీమతి అక్కడ వేగం ముప్పైకి తగ్గించి, బ్రేకు తాకకుండా నిదానంగా దాటింది. చెప్పవలసిన మాట ఒకటి మా నాలుక చివరిదాకా వచ్చి, అవసరం లేక ఆగిపోయింది. మోటారు సైకిలు మీద ఆ తడిని యాభైలో దాటేవారిని మేము ఎరుగుదుము. వారిలో కొందరి కాలి కట్లు కూడా ఎరుగుదుము.

కైకలూరు పక్కన ఆటపాక పక్షి కేంద్రంలో గూడబాతులు ఆ రోజు నిండుగా ఉన్నాయి. ఇంత బరువైన పక్షి నీటి మీదనుండి లేచేటప్పుడు కొంత దూరం కాళ్ళతో నీటిని తన్నుతూ పరుగెత్తుతుంది. గాలిలోకి లేచాక రెక్క కదపకుండా తేలుతుంది. ఎర్రకాళ్ళ కొంగలు చెట్లనూ, కట్టిన మంచెలనూ పంచుకొని గూళ్ళు పెట్టుకున్నాయి. కైకలూరు మునుపు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. ఇప్పుడు తమ్మిలేరు జలాశయమూ, ఆ వాగు కలిసే సరస్సూ ఒకే జిల్లావి. మీటరు చూస్తే పొద్దుటినుండి నూరు కిలోమీటర్లు దాటినట్టు చూపింది. ఐదు లీటర్లు పట్టే టాంకులో సగం ఇంకా మిగిలి ఉన్నది. దుహర్ నమాజు కైకలూరులో చేసుకొని తిరుగుముఖం పట్టాము. ఇషా వేళకు ఇంట్లో ఉన్నాము. మా నడుము రెండు రోజులు మూలిగిందన్న మాట నిజం. దూరప్రయాణానికి నేటికీ బుల్లెట్టే సుఖం, ఇందులో మొహమాటం లేదు.

బండి కొనదలచిన కుటుంబాలకు రెండు మూడు సంగతులు చెప్పాలి. బుర్ఖా, దుపట్టా, చీర వెనుక చక్రంలో చిక్కుకోవడం మన ప్రాంతంలో విన్న వార్తే. వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనలలోని 123వ నిబంధన చెబుతున్నది. మేము కొన్న చోట దానిని అదనపు సరుకుగా లెక్క కట్టి విడిగా పైకం అడిగారు. నిబంధన చూపి వాదించాక ఊరక బిగించారు. మా శ్రీమతి బండికోసం బుర్ఖా అంచును నాలుగు వేళ్ళు తగ్గించి కుట్టించుకున్నది, దుపట్టా కొసలను లోపలికి దోపుకుంటుంది. హెల్మెట్టు నడిపేవారికీ వెనుకవారికీ ఇద్దరికీ ఉండాలి. అమ్మీ మొదట తల బరువన్నది, ఇప్పుడు తానే అడిగి పెట్టించుకుంటున్నది.

ఇంకొకటి. గేర్లు లేవు కదా, తేలిక కదా అని పదో తరగతి పిల్లల చేతికి ఈ బండ్లు ఇస్తున్నారు. పదహారేళ్ళకు లైసెన్సు దొరికేది 50 సీసీకి మించని గేరు లేని బండికి మాత్రమే. 110 సీసీ బండికి పద్దెనిమిది నిండాలి. 2019 సవరణ ప్రకారం పిల్లవాడు నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, పాతిక వేల రూపాయల జరిమానా. భార్యకు బండి ఇవ్వడానికి వెనుకాడిన ఇంట్లోనే పదిహేనేళ్ళ కొడుకుకు తాళం చెవి ఇవ్వడం చూశాము. ఏ లెక్కన అది సబబో అడిగితే జవాబు రాదు.

ఇప్పుడు బుల్లెట్టు మా జంగారెడ్డిగూడెం ప్రయాణానికి, స్కూటరు ఇంటికి. కాళ్ళ ముందున్న చదును జాగాలో పాతిక కిలోల బియ్యం బస్తా పడుతుంది. బక్రీదు రోజుల్లో దాని మీద మేకపిల్లను నిలబెట్టి తెచ్చేవారినీ చూశాము గాని, మేము ఆ సాహసం చేయము. సీటు కింది అరలో అమ్మీ మందుల సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఫిబ్రవరిలో ఒకరోజు ఆమెకు మళ్ళీ చక్కెర పడిపోయింది. మేము జంగారెడ్డిగూడెంలో ఉండగా ఫోను వచ్చింది. బయలుదేరబోతూ ఉంటే రెండవ ఫోను వచ్చింది, ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారని, కంగారు పడవద్దని. రెండు ఫోన్ల నడుమ పదిహేడు నిమిషాలు.

గత శుక్రవారం జుమా అయ్యాక చచ్చా మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగేదాకా ఊరి మాటలు చెప్పి, లేస్తూ, బండి ముందూ వెనుకా అంటించే ఎర్ర ‘ఎల్’ అక్షరం పలకలు ఏ కొట్టులో దొరుకుతాయని అడిగారు. ఆయన మనుమరాలికి ఈ నెలలోనే పద్దెనిమిది నిండాయి.